రెక్కలో దూరిన మనిషి

ముందే ఒప్పుకుంటాను: అంతయ్యకు ‘బాంబర్ తాత’ అని పేరు పెట్టింది నేనే. పాలిటెక్నిక్ రెండో ఏడు, అన్నీ తెలుసనుకునే రోజులు.

ఆ మే నెల మధ్యాహ్నం కొత్తపేట రేకుల షాపులో అంతయ్య నీళ్ళ ట్యాంకు లోపల గొంతుక్కూర్చుని, ఇనప దిమ్మను రేకుకు ఆనించి పట్టుకున్నాడు. బయటి నుంచి తోటి పనివాడు రామమోహనరావు రివెట్ మీద సుత్తితో కొడుతున్నాడు. అంతయ్యకు అరవై ఆరేళ్ళు, నాలుగున్నర అడుగులు. చెవులు రెండో ప్రపంచ యుద్ధకాలంలోనే పోయాయి. అప్పుడు బెంగుళూరు విమానాల ఫ్యాక్టరీలో నాలుగింజన్ల బాంబర్ల రెక్కల్లో పెట్రోలు ట్యాంకులు బిగించేవారు. పొట్టివాడని అంతయ్యను రెక్కలోకి దూర్చేవారు. రివెట్ల వరుస పూర్తికాకుండా బయటికొస్తే ఆ రోజు హాజరు పడేది కాదు.

పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మి షాపు పెట్టిన బాలకృష్ణ నిన్ననే వెల్డింగ్ మిషన్ తెచ్చాడు. రివెట్లతో ఇదే ఆఖరి ట్యాంకు.

“తాతా, రెండింటికల్లా లోపల రంగేస్తే రంగు పనికన్న ఉంటవ్. లేకుంటే రేపటి సంది రాకు!” వేళ్ళు చూపించి మరీ అరిచాడు.

“రెక్కల అయిదు గంటలున్న పటేలా. గిదెంత?”

“ఆయన విమానం ఎక్కితే దిగడండీ,” రామమోహనరావు నవ్వాడు.

రివెట్లు అయ్యాక అంతయ్య నల్ల రంగు డబ్బాతో ఇరుకు మూతి గుండా మళ్ళీ దిగాడు. రేకు పెనంలా కాలుతోంది. థిన్నర్ వాసనకు కళ్ళు మండాయి. తల బయటపెట్టి ఒక్కసారి గాలి పీల్చుకోవచ్చు. వరుస ఇంకా మిగిలే ఉంది. ప్రతి రివెట్ తల మీద బ్రష్ రెండుసార్లు తిప్పాడు. వేళ్ళు తనవి కానట్టయ్యాయి. తిప్పుతూనే ఉన్నాడు.

మా కొత్త ఇంటికి చేయించిన ఆ ట్యాంకు తీసుకెళ్ళడానికి నాన్నా నేనూ వెళ్ళేసరికి రెండు దాటింది.

“బాంబర్ తాత ల్యాండయిండా?” అన్నాను. అందరూ నవ్వారు. ఎలాగూ వినపడదని ఎవరూ పిలవలేదు. మూడింటికి బాలకృష్ణ మూతిలోంచి తొంగి చూశాడు.

ప్రాణం పోయిన ఒళ్ళు ఆ ఇరుకు మూతిలోంచి రాలేదు. ఉలితో రేకు కోయాల్సి వచ్చింది. లోపల రంగు పడని రివెట్ ఒక్కటీ లేదు.

“కొత్త ట్యాంకు ఖరాబాయె,” అన్నాడు బాలకృష్ణ. నాన్న వైపు తిరిగి, “అతుకేసి ఇస్త సార్, పరేషాన్ గావద్దు.”

ఎల్లుండే గృహప్రవేశం. నాన్న సరేనన్నాడు.

మీ మిద్దె మీది ట్యాంకులో ఎవరు దిగారో తెలిస్తే రాయండి. మాది మన్సూరాబాద్‌లో ఇంకా ఉంది. రివెట్లన్నీ గట్టిగానే ఉన్నాయి. పక్కనున్న మూరెడు వెల్డింగ్ అతుకొక్కటే కారుతుంది.