ముందు బోనం మళ్లిన దారి

సూరత్‌లో ఉన్ అనే పేట దగ్గర, తెలుగువాళ్లుండే మరమగ్గాల గల్లీలో ఈ ఏడు ముందు బోనం కొమురవ్వది. ఏళ్ల తరబడి ఎదురుచూస్తే దక్కిన వంతు. ముందు బోనం ఎటు నడిస్తే డప్పులూ, మిగతా బోనాలూ, గల్లీ మొత్తం అటే నడవాలి. దాన్ని దాటి ఎవరూ అడుగు వేయకూడదు. అంత గౌరవం దక్కిన పూట కూతురు వచ్చి పండుగ పందిరి దిక్కు పోవద్దంటే ఏ తల్లికి కాలదు?

పందిరి వేసింది మట్టిగుట్ట కింద. పక్కన లేస్తున్న భవనానికి పునాది తవ్వినప్పుడు వచ్చిన నల్లమట్టినంతా బిల్డరు అక్కడే పోయించాడు. పందిరికి చోటు చాలడం లేదని కులపెద్ద రాజమల్లు మనుషుల్ని పెట్టి గుట్ట అడుగును నిలువునా చెక్కించాడు. జాగా ఎంత విశాలమైందోనని గల్లీ అంతా మురిసిపోయింది. ఆ వెంటనే వాన పట్టుకుంది.

కూతురు సుమన ఎంటెక్ చదువుతోంది, అదీ మట్టి గురించి. "అందరి పిల్లలు కాలేజీకెళ్లి సర్టిఫికెట్లు తెస్తరు, మా పిల్ల బురద తెస్తది" అని కొమురవ్వే నవ్వేది. వాన తెరిపిచ్చాక సుమన గుట్ట మట్టిని గొట్టాల్లో నింపి ల్యాబుకు మోసుకుపోయింది, లెక్క కట్టింది. పండుగ ముందురోజు తల్లిని గుట్ట మీదికి తీసుకెళ్లి, అక్కడి పగులులో చెయ్యి పెట్టించింది. మణికట్టు దాకా దిగిపోయింది.

"మట్టి బరువు కిందికి గుంజుతది అమ్మా. మట్టి పట్టు దాన్ని ఆపుతది. ఆపే బలాన్ని గుంజే బలంతోని భాగిస్తే ఒకటి కన్న ఎక్కువ రావాలె. లోపల నీళ్లు నిండితే రేణువులను ఎడంగ నెడతయి, పట్టు తగ్గుతది. అడుగేమో మనమే చెక్కేసినం. ఇప్పుడు ఒకటి కన్న తక్కువొస్తున్నది."

"వాన బందయింది గద బిడ్డా?"

"పైన బందయింది. పగుళ్లల్ల నిలిచిన నీళ్లు ఇంకా లోపటికి దిగుతనే ఉన్నయి. ఎప్పుడు జారుతదో చెప్పలేను. జారుతదని మాత్రం చెప్పగలను."

కిందికి దిగి ఆ మాట చెబితే రాజమల్లు పగలబడి నవ్వాడు. "గింత ఎండ కొడుతుంటే గుట్ట జారుతదా? నాలుగు పుస్తకాలు చదివి పండుగనే బంద్ పెట్టిస్తదా నీ బిడ్డ?"

ఆ నవ్వు కొమురవ్వకు రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది.

తెల్లారి పసుపు చీర కట్టి, దీపం పెట్టిన బోనం తలకెత్తుకుంది. పూనకం వచ్చినట్టు ఊగితే పనైపోతుందని ఆమెకు తెలుసు. అమ్మవారి నోటిమాటంటే రాజమల్లు కూడా చేతులు కట్టుకుని నిలబడతాడు. కానీ అప్పుడది అమ్మవారి మాటే అవుతుంది. కష్టపడి లెక్క కట్టింది తన బిడ్డ, ఆ పేరు బిడ్డకే రావాలి.

గల్లీ చివర పందిరి వైపు తిరగాల్సిన చోట ఆమె బస్సుల రోడ్డు వైపు మళ్లింది.

"కొమురవ్వా, ఇటెటు?" రాజమల్లు గాభరాగా అడ్డొచ్చాడు.

"యాపచెట్టు కాడికి. పందిరి కింద వద్దని మా సుమన చెప్పింది."

"ఆ పోరి మాటకు గల్లీ ఇజ్జత్ తీస్తవా?"

"ముందు బోనం నాది బావా. ఎటు నడవాల్నో నేను చెప్తా. జరుగు."

డప్పుల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆమె వెంటే కదిలారు. వెనక బోనాలన్నీ వరసగా మళ్లాయి. పందిరి దగ్గర సుమన అప్పటిదాకా బతిమాలుతున్నా కదలని వంటవాళ్లు కూడా డప్పు దూరమవడం విని, గరిటెలతోనే రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చారు. సుమన వాళ్ల వెనకే వచ్చి తల్లి పక్కన నిలబడింది.

వేపచెట్టు ఇంకాస్త దూరంలో ఉందనగా, వెనక లారీలు మట్టి గుమ్మరించినట్టు పెద్ద చప్పుడైంది. డప్పు ఆగిపోయింది. అందరూ గిరుక్కున తిరిగి చూశారు. తల మీద బోనంతో కొమురవ్వ మాత్రం తిరగలేదు.

"కొమురవ్వా..." రాజమల్లు వెనక నుంచి పిలిచాడు. "గుట్ట జారింది. పందిరి లేదు."

"మనుషులు?"

"అందరు ఇక్కడనే ఉన్నరు. ఒక్కరికి గూడ ఏం గాలే. జర ఇటు తిరిగి చూడు తల్లీ."

"నేను చూసేదేముంది బావా? మా సుమన ముందే చూసింది" అంది కొమురవ్వ, మెడ నిటారుగా పెట్టి. "డప్పు కొట్టుమను."