డాబా మీది వాన

కళ్ళజోళ్ళ షాపాయనకి వానంటే పిచ్చి. తడవడానికి కాదు, కొలవడానికి. డాబా మధ్యలో దిమ్మె కట్టించి దాని మీద రెయిన్ గేజి పెట్టాడు. అదేదో బ్రహ్మాండమైన యంత్రమనుకునేరు: పైన గరాటా, లోపల సీసా, పక్కన గీతలున్న గ్లాసు, అంతే. రాత్రి పడ్డ వానని పొద్దున్నే ఆ గ్లాసులోకి వంచి, వంగి గీతకు సమానంగా కళ్ళు పెట్టి చూసి, పుస్తకంలో రాసుకుంటాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. జ్వరమొచ్చినా మానలేదు. మామగారు పోయిన రోజున కూడా డాబా ఎక్కి చూసొచ్చాకే ఏడ్చాడు.

భార్యకి ఈ గోల అలవాటైపోయింది. ఆమె తమ్ముడికి మాత్రం కాలేదు. ప్రెస్సులో పనిచేసే ఆ మహానుభావుడి మకాం అక్క ఇంట్లోనే. పొద్దున్నే మగ్గుతో డాబా ఎక్కి పళ్ళు తోముకునేవాడు. ఓ రోజు చినుకులు పడి వెలిశాక, మగ్గులో మిగిలిన నీళ్ళు కాసిని ఆ గరాటాలో వంపి దిగొచ్చాడు. ఆ పూట బావగారి మొహం చూడాలి. మన వీధిలోనే కుమ్మేసింది అంటూ తిండి కూడా మర్చిపోయి మురిసిపోయాడు. వంటింట్లో అక్కా తమ్ముడూ నోళ్ళు నొక్కుకుని పొట్టలు పట్టుకుని నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది, కాదనడానికి లేదు.

తర్వాత ఇక చాల్లేరా అని చెప్పింది కూడా. వాడు వింటేగా. బుద్ధి పుట్టినప్పుడల్లా పోస్తూనే ఉన్నాడు. ఎండ రోజున పోస్తే దొరికిపోతాడు గనక వాన పడ్డ రోజు చూసి మరీ పోసేవాడు. వెధవ పనిలోనూ ఎంత జాగ్రత్తో చూడండి.

ఇలా ఉండగా వాతావరణ ఆఫీసు వాళ్ళు ఊరి వానల మీద ఓ పుస్తకం వేస్తూ, ఇళ్ళ దగ్గర సరదాగా కొలుచుకునేవాళ్ళ లెక్కలు కూడా అందులో చేరుస్తామన్నారు. ఇక ఆయన కాలు నేల మీద నిలవలేదు. జన్మకి ఆయన కోరుకున్నది అదొక్కటే, తను కొలిచిన వాన అచ్చులోకి ఎక్కాలి. దిమ్మెకి సున్నం వేశాడు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. ఆఫీసరమ్మ వచ్చి గరాటా కొలిచింది, చుట్టూ గోడలూ చెట్లూ చూసింది. ఏ వంకా దొరకలేదు. పుస్తకాలు తిరగేస్తూ మాత్రం ఆగిపోయింది. చుట్టుపక్కల అందరికన్నా ఈ డాబా మీదే వాన ఎక్కువ పడుతోంది, కారణం అంతుపట్టడం లేదు, ప్రత్యేకంగా పరిశీలించాల్సిందే అంది. ఆయన మొహం వెలిగిపోయింది.

అదుగో, అప్పుడు పక్కనే ఉన్న బావమరిదికి నవ్వు ఆగలేదు.

"పరిశీలించక్కర్లేదు మేడం. ఆ ఎక్కువ పడ్డది నా మగ్గులోది" అన్నాడు.

తనతోపాటు అందరూ నవ్వుతారనుకున్నాడు. ఆఫీసరమ్మ పెన్నుకి మూత పెట్టింది. ఏయే రోజులు పోశారో తెలిస్తే అవి కొట్టేసి మిగతావి తీసుకుంటాననీ, తెలియకపోతే అన్నీ వదిలెయ్యాల్సిందేననీ చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆయన పుస్తకాలన్నీ హాల్లో పరిచి బావమరిదిని ఎదురుగా కూర్చోబెట్టాడు. తిట్టలేదు. నాలుగు తిట్టినా బాగుండునని ఆమెకనిపించింది. ఒక్కో వాన మీద వేలు పెట్టి ఇదా, ఇదా అని అడుగుతున్నాడు. వాడికేం గుర్తుంటుంది? కాసేపు బుర్ర గోక్కున్నాడు. బయట స్నేహితులు ఎదురుచూస్తున్నారు. ఇక నోటికొచ్చినట్టు మొదలెట్టాడు: ఆ, ఇదే, ఇది కాదు, ఆ, ఇది కూడా. ఆయన స్కేలు పెట్టి గీత కొడుతున్నాడు, కొట్టినప్పుడల్లా గండం గడిచినట్టు ఊపిరి పీల్చుకుంటున్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఆమెకి తమ్ముడి వాలకం చూడగానే సంగతి అర్థమైంది.

"ఇదీ నేనే" అన్నాడు వాడు.

ఆయన వేలు ఆగిపోయింది. అది తుఫాను రాత్రి. ఆయన కొలిచిన వానలన్నింట్లోకీ పెద్దది. సీసా పొంగిపోతే కొలత పోతుందని గొడుగేసుకుని తెల్లారేదాకా దాని పక్కనే కూర్చుని, నిండినప్పుడల్లా కొలిచి పారబోశాడు. ఆమె కాఫీ పట్టుకెళ్ళినప్పుడల్లా సీసా మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాచి అందుకున్నాడు.

"ఆ రాత్రంతా నేను అక్కడే ఉన్నాను కదరా" అన్నాడు మెల్లగా.

వాడు తడబడ్డాడు. "మధ్యలో మీరు కునుకు తీశారు బావా. అప్పుడే పోశాను."

ఆయన భార్య వైపు తిరిగాడు.

"తీశానా?"

ఆయన రెప్ప వాల్చలేదని ఆమెకి తెలుసు. తీయలేదంటే తమ్ముడు చెప్పిందంతా బొంకేనని తేలిపోతుంది, ఆపైన ఒక్క వానా మిగలదు. తీశారంటే మిగతావైనా అచ్చులోకి ఎక్కుతాయి, అవి నిజమో కాదో ఆ దేవుడికే తెలియాలి.

"తీశారండీ" అంది. "నేను కాఫీ తెచ్చేసరికి నిద్రలో ఉన్నారు. లేపడమెందుకని దిగిపోయాను."

ఆయన సిగ్గుపడ్డట్టు తల వంచుకుని, స్కేలు సరిచేసి, ఆ వాన మీద నిదానంగా గీత కొట్టాడు.

"పోనీలేరా, నీకన్నా గుర్తుండబట్టి సరిపోయింది" అని బావమరిది భుజం తట్టి, తర్వాతి పేజీ తిప్పాడు.