గుంట ఖాళీ అయిన మధ్యాహ్నం

అక్క రోడ్డు దాటి పరిగెత్తుకుంటూ వచ్చింది. గేటు దగ్గర ఆగి చేతిలో ఫోను చూసుకుంది. అలాగే నిలబడిపోయింది. వెనకనుంచి లారీ ఒకటి హారన్ మోగిస్తూ పోయింది. ఆమె కదల్లేదు.

నేను పైన టాక్సీ స్టాండులో ఉన్నాను. స్టాండుకీ కిందున్న గుంటకీ మధ్య ఇనప జాలీ ఒక్కటే అడ్డం. గుంట అంటే యాప్ బండ్లు నిలుపుకోమని విమానాశ్రయం వాళ్లు చూపించిన పల్లపు జాగా. కప్పు లేదు, నీడ లేదు. ఫోనులో ఎవరి నంబరు వస్తే వాళ్లు పైకొచ్చి సవారీని ఎక్కించుకోవాలి. అంతవరకూ గుంట దాటకూడదు. దాటితే ఫోనే కనిపెట్టి నంబరు తీసేస్తుంది. పోనీ ఫోను బండిలో వదిలి వెళదామంటే, మధ్యమధ్య మొహం చూపించమంటుంది. చూపించకపోయినా నంబరు పోతుంది. మళ్లీ అందరికన్నా వెనక.

గుంటలో టాయిలెట్ లేదు. రోడ్డవతల పెట్రోలు బంకులో ఉంది.

యాప్ బండి నడిపే ఆమెను గుంటలో అందరూ అక్క అనే పిలుస్తారు. తెల్లవారుజామున వచ్చింది. ఎండ నెత్తిమీదికొచ్చాక ఆమె నంబరు రెండోది అయింది. సరిగ్గా అప్పుడు ఇక ఆగలేక బంకుకి పోయింది.

గేటు దగ్గర గుంట నడిపే కాంట్రాక్టరు మనిషి ఒకడుంటాడు. మెడలో ఈల వేలాడుతుంటుంది. అందరూ వాణ్ని ఈల అనే పిలుస్తారు.

"తీరిందా తల్లీ?" అన్నాడు ఈల. "తీరితే బండి తీసుకెళ్లి వెనక పెట్టుకో."

"నాది రెండో నంబరయ్యా. ఇలా పోయి అలా వచ్చాను."

"నాకేం చెబుతావ్? ఫోనుకి చెప్పుకో."

"లోపల ఒక రేకుల మరుగుదొడ్డి కట్టించమని ఎన్నిసార్లు అడిగాం?"

"ఇదేమన్నా నీ పుట్టిల్లా, కట్టించడానికి? ఆడదానివి, ఇంట్లో కూర్చోక ఈ బండి పనెందుకు నీకు?"

"నీళ్లు తాగడం మానేశాన్రా!" ఆమె అరిచింది. "డాక్టరు తిడుతున్నా తాగడం లేదు. పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు లేవు లోపల. ఇంకేం మానమంటావ్?"

వాడు ఈల ఊదాడు. గుంటలో మగవాళ్లు బండ్లలోంచి చూశారు. ఒక్కడూ దిగలేదు. గేటు దాకా వస్తే తమ నంబరు ఎక్కడ పోతుందోనని.

సాయంత్రం కాకముందే ఆమె ఫోను చచ్చింది. సిబ్బందితో గొడవపడిందని విమానాశ్రయం ఆఫీసరు చెప్పడమూ, కంపెనీ ఆమెను యాప్‌లోంచి తీసేయడమూ అయిపోయాయి. బండి ఉంది, పని లేదు.

ఈ నిబంధనలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. అడిగింది మా స్టాండే. యాప్ బండ్లొచ్చి సవారీలు పోయాయనీ, వాటిని అదుపులో పెట్టాలనీ ఊరేగింపులు తీశాం. సొంత కారు ఊరికే పడి ఉన్నప్పుడు యాప్‌లో పెట్టి, విమానం దిగినవాళ్లకు అద్దెకిచ్చేవాళ్లు ఇంకో రకం. బట్టలు కుట్టే టైలరు ఒకడు అలాగే కారు ఇచ్చుకునేవాడు. అతని మీదా అరిచాం.

ఆఫీసరు మూడు రకాలవాళ్లనీ ఒక చల్లటి హాల్లో కూర్చోబెట్టాడు. మేం యాప్ వాళ్లని దొంగలన్నాం. వాళ్లు మమ్మల్ని దోపిడీగాళ్లన్నారు. ఇద్దరం కలిసి టైలరు మీద పడ్డాం.

"సూదీ దారం చాలలేదట్రా నీకు?" అన్నాడు మా స్టాండు ప్రెసిడెంటు.

"చాలితే నీ చేత తిట్లు తినడానికి ఎందుకొస్తాను?" అన్నాడు టైలరు.

ఆఫీసరు నవ్వుతూ విన్నాడు. కంపెనీల తరఫున టై కట్టుకొచ్చినవాడు అసలు నోరే విప్పలేదు. విప్పే అవసరం మేం రానివ్వలేదు.

నిబంధనలు వచ్చాయి. యాప్ బండ్లు గుంటలోకి. టైలరు కారు చక్రానికి తాళం. దాన్నీ ఈడ్చుకొచ్చి గుంటలోనే పడేశారు. మాకు గేటు రుసుము పెంచారు. గుంట నడుపుకోవడం కాంట్రాక్టరుకి దక్కింది. కంపెనీల మీద ఒక్క ముక్క లేదు.

అక్క పని పోయిన ఆ సాయంత్రం గుంటలో అందరూ ఆమె బండి చుట్టూ చేరారు. నేను జాలీ పట్టుకుని నిలబడ్డాను.

"కంపెనీకి రాశాను," అన్నాడు బీకాం. డిగ్రీ చదివి బండెక్కినవాడు, అందుకే ఆ పేరు. "జవాబొచ్చింది."

"ఏమని?"

"మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని."

"పోయినసారేమన్నారు?"

"అదే."

నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"ఆఫీసరుకి ఇంకో అర్జీ పెడదాం," అన్నాడొకడు.

"పెట్టు. మీ అమ్మమ్మ పేరున కూడా ఒకటి పెట్టు," అన్నాడు ఇంకొకడు.

"మీలో ఎవడికీ ఒంటికి రాదా?" అంది అక్క.

తలలు వంగిపోయాయి. "మాకు సీసాలున్నాయిగా," అని ఎవడో గొణిగాడు.

"సీసాలో పోసి సీటు కింద దాచుకుంటారు. చెప్పుకోడానికి సిగ్గు. నాకు లేదు సిగ్గు, వినండి. నేనొక్కదాన్ని బయటికి పోతే నా నంబరు పోయింది. అందరం ఒక్కసారే పోతే? ఇంక నంబర్లెక్కడివి? ముందెవడు, వెనకెవడు?"



"బండ్లతో సహానా అక్కా?" అన్నాడు బీకాం.

"బండ్లతో సహా. రేపు మధ్యాహ్నం, విమానాలన్నీ దిగే వేళ. బంకు దాకా."

"ఎవడో ఒకడు ఉండిపోతాడు. మొదటి నంబరు కొట్టేస్తాడు."

"వాడొక్కడేనా? పైన టాక్సీ వాళ్లు లేరూ? మన సవారీల్ని గద్దల్లా తన్నుకుపోరూ?"

అందరూ జాలీ వైపు తిరిగారు. అక్క దగ్గరికొచ్చింది.

"మీరేం చేస్తారు బాబాయ్?"

"అడిగి చూస్తాను."

"వాళ్లని సరే. నువ్వేం చేస్తావని అడుగుతున్నా."

ఇటు తిరిగి వచ్చేశాను. ఆమె బండి గుంటలోనే వదిలి ఇంటికి నడిచింది. బయటికి తీస్తే మళ్లీ రానివ్వరు.

స్టాండులో ప్రెసిడెంటు పాత టైరు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సంగతి చెప్పాను.

"చావనీ," అన్నాడు. "మనం రోడ్డుమీద గొంతు చించుకున్నప్పుడు వీళ్లొచ్చారా? ఇన్నాళ్లకి మన రోజొచ్చింది. రేపు ట్యాంకులు నింపుకుని రండ్రా."

కొందరు చప్పట్లు కొట్టారు.

"గుంటలో అవతలి సగం చూశావా?" అన్నాను.

"ఏముందక్కడ?"

"గీతలు కొడుతున్నారు. పసుపు రంగువి."

"కొట్టుకోనీ."

"యాప్ బండ్లకి తెల్లవి కొట్టారు. పసుపు మన బండ్ల రంగు."

గ్లాసు అతని నోటి దగ్గరే ఆగిపోయింది. లేచి జాలీ దాకా పోయి కిందికి చూశాడు. రంగు ఇంకా ఆరలేదు. చాలాసేపు అక్కడే ఉన్నాడు.

"అయితే ఏం చేద్దామంటావ్ ముసలోడా?" అన్నాడు, తప్పు నాదైనట్టు.

"రేపో ఎల్లుండో ఆ గుంటలో మనకీ ఒంటికొస్తుంది," అన్నాను.

ఎవరూ ఏదీ తేల్చలేదు. ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ ఇళ్లకు పోయారు.

మర్నాడు మధ్యాహ్నం విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. అక్క తన బండి స్టార్టు చేసింది. ఈల చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"బంకుకి."

ఆమె బండి ఆపలేదు, తొందరపడనూ లేదు. నెమ్మదిగా ముందుకొచ్చింది. వాడే పక్కకు తప్పుకున్నాడు. వెనక బీకాం. వాడి వెనక ఇంకొకడు. గేటు మనిషి ఈల ఊదుతూనే ఉన్నాడు, బండ్లు పోతూనే ఉన్నాయి. చివరికి ఒక బక్కపలచటి కుర్రాడి బండి, టైలరు తాళం కారు మిగిలాయి. కుర్రాడు ఫోను వంక చూస్తూ కూర్చున్నాడు. మొదటి నంబరు అతనిదే.

గేటు బయటనుంచి అక్క తల బయటపెట్టింది. "నీకెప్పుడూ రాదా తమ్ముడూ?"

రోడ్డంతా నవ్వింది. కుర్రాడు మొహం తుడుచుకున్నాడు. ఫోను పక్క సీట్లోకి విసిరేసి బండి తీశాడు.

గుంట ఖాళీ అయింది.

పైన ప్రయాణికులు పెట్టెలతో పేరుకుపోయారు. ఎవరి ఫోనులో చూసినా బండ్లు లేవు. ఆఫీసరు చెమటలు కక్కుతూ స్టాండులోకి పరిగెత్తుకొచ్చాడు. ఎన్నడూ రానివాడు.

"ఇవాళ మీటర్లు వద్దయ్యా. మీకెంత కావాలంటే అంత అడగండి. ముందు వీళ్లని ఎక్కించుకోండి."

వరసలో మొదటి బండి నాది. ఒకామె అప్పుడే వెనక తలుపు పట్టుకుంది.

"ఆ కార్లన్నీ ఏమయ్యాయండీ?" అని అడిగింది.

"ఒంటికి పోయాయమ్మా."

"అన్నీ ఒక్కసారేనా? లోపల లేదా?"

"లేదమ్మా."

ఆమె తలుపు వదిలేసింది. నేను దిగి బానెట్ ఎత్తాను.

"ఏమైంది?" అన్నాడు ఆఫీసరు.

"వేడెక్కింది."

నా వెనక బండి ప్రెసిడెంటుది. అతను నన్ను చూశాడు. జాలీలోంచి కింద పసుపు గీతలు చూశాడు. పచ్చిబూతు ఒకటి తిట్టాడు. నన్నో, ఆఫీసర్నో తెలియదు. దిగి తన బానెట్ ఎత్తాడు.

"నాదీ వేడెక్కింది సార్."

ఆ వెనకది. దాని వెనకది. బానెట్ల చప్పుడు వరస చివరిదాకా పోయింది.

"నాటకాలా? లైసెన్సులు పీకించేస్తా ఒక్కొక్కడివీ!"

"పీకించండి సార్," అన్నాడు ప్రెసిడెంటు. "ఇంజన్లు చల్లబడనివ్వండి."

పోలీసులు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. తిన్నగా బంకుకే వెళ్లారు. మేమూ దిగి అక్కడికి నడిచాం. అక్క లోపలుంది. తలుపు బయట ఆడ పోలీసు నిలబడింది.

"ఎంతసేపు? బయటికి రా!"

"వస్తా తల్లీ, ఆగు," అంది లోపల్నుంచి. "ఇవాళ నంబరు పోతుందన్న భయం లేదుగా నాకు."

తీరుబడిగా వచ్చింది. చేతులు కడుక్కుంది. కొంగుకి తుడుచుకుంది. జీపెక్కించారు. రాకపోకలకు అడ్డం పడిందట.

జీపు కదిలింది. దాని వెనక బీకాం బండి కదిలింది. మేం పైకి పరిగెత్తాం, బానెట్లు దించాం. నా పక్క సీట్లో ఎవరో కూర్చున్నారు. చూస్తే టైలరు.

"నా చక్రానికి తాళం ఉందిగా," అన్నాడు. "మీటరు వేస్తావా ఏంటి?"

"కూర్చో," అన్నాను.

స్టేషను ముందు రోడ్డు నిండిపోయింది. తెల్ల బండ్లు, పసుపు బండ్లు, ఏది ముందో ఏది వెనకో ఎవరూ చూసుకోలేదు. ఇన్‌స్పెక్టరు మెట్ల మీదికొచ్చాడు.

"ఏంట్రా ఇదంతా? ఎందుకొచ్చారు?"

"ఒంటికొచ్చింది సార్," అన్నాడు మా ప్రెసిడెంటు. "మీ దగ్గరుందా?"

కానిస్టేబుళ్లు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. లాఠీలు తీయమన్నాడు. లాఠీలు చూసి కొందరు ఒకడుగు వెనక్కి వేశారు. వెనక బండ్లున్నాయి, పోవడానికి చోటు లేదు. అందరూ కింద కూర్చున్నారు.

అక్కని వదిలేది లేదన్నారు పోలీసులు. కేసు పెట్టామన్నారు. గుంటలో దొడ్డి సంగతి తర్వాత చూద్దామన్నాడట ఆఫీసరు. తర్వాత అనే మాట మేం ముందూ విన్నాం. ఎవరూ లేవలేదు.

పక్క గది కిటికీ ఊచల్లోంచి అక్క మొహం కనపడింది.

"నీళ్లున్నాయేమిట్రా ఎవరి దగ్గరైనా?"

బీకాం సీసా అందించాడు. ఎత్తిపట్టి గటగటా తాగింది. గడ్డం మీంచి, మెడ మీంచి కారిపోతున్నా ఆపలేదు. ఖాళీ సీసా ఊచల్లోంచి వెనక్కి ఇచ్చింది.

"ఇంకోటివ్వు," అంది.