వ్యానుకు బిగించిన కిటికీ ఏసీ

వీధిలో అందరూ చల్లబాబు అని పిలిచే ఏసీ మెకానిక్కు ఆ ఉదయం సొంత పని పడింది. పదిహేనేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు ఏసీలు బిగించినవాడు, ఇవాళ సొంత ఇంటి కిటికీలో ఉన్నదాన్ని ఊడబెరికి సామాన్లు మోసే డొక్కు వ్యాను వెనక కిటికీలో దూరుస్తున్నాడు. లోపల పరుపు మీద వాళ్ళక్క పడుకుని ఉంది.

లాండ్రీలో బాయిలరు పేలి అక్క ఒంటి మీద సగం చర్మం కాలిపోయింది. మళ్ళీ అతికిన చర్మానికి చెమట పట్టదు. ఎండలో కాసేపుంటే చాలు, ఒళ్ళు కుంపటైపోతుంది. ఇప్పుడు భుజం చీము పట్టింది. మూడు రోజులుగా ఆమెకు కంటిమీద కునుకు లేదు. పెద్దాసుపత్రి రెండు గంటల దూరం, అక్కడి డాక్టరు చూసేది మధ్యాహ్నమే. ఏసీ ఉన్న అంబులెన్సు ఎల్లుండి గానీ దొరకదన్నారు. చీము ఎల్లుండి దాకా ఆగుతుందా?

"ఐస్‌క్రీము డబ్బాలా మోసుకెళ్తున్నావేంట్రా నన్ను," అంది అక్క.

"కరక్కుండా దించుతాలే. మాట్లాడకుండా పడుకో."

జనరేటరును వెనక బంపరు మీద, సరిగ్గా ఏసీ కిందే, గొలుసులతో కట్టాడు. లోపలికొచ్చి ఏసీ వేసి, అలవాటు కొద్దీ దాని పక్కనున్న చిన్న మీట లాగాడు. బయటి గాలిని కాస్త లోపలికి రానిచ్చే మీట అది. ఎవరింట్లో బిగించినా దాన్ని తెరిచి, "గదికి కూడా ఊపిరాడాలి కదండీ" అనడం అతని పద్ధతి. పక్క తలుపు మూసి, ముందుకెళ్ళి స్టీరింగు పట్టుకున్నాడు.

వంతెన దగ్గర బళ్ళన్నీ ఆగిపోయాయి. అరగంటైనా అంగుళం కదల్లేదు. సీటు వెనక అద్దంలోంచి చూస్తే అక్క నిద్రపోతోంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. లేస్తుందేమోనని హారను కూడా కొట్టలేదు, పిచ్చి వెధవ.

ముందున్న లారీ కదిలింది. వ్యాను ఒక్క కుదుపు కుదిపితే అక్క తల రేకుకు ఠపీమని తగిలింది. ఆమె ఉలకలేదు, పలకలేదు.

"అక్కా," అని అద్దం బాదాడు. అప్పుడు తట్టింది మీట సంగతి. జనరేటరు పొగంతా ఆ దారినే లోపలికి పోతోంది. ఆ దారి తీసింది తన చెయ్యే.

దూకి, జనరేటరు ఆపి, పక్క తలుపు లాగి, అక్కను రెండు చేతుల మీద బయటికి తెచ్చాడు. తారు కాలిపోతోంది. ఎక్కడా నీడ లేదు. ఒళ్ళో పెట్టుకుని ఎండకు తన వీపు అడ్డం పెట్టాడు. లారీ డ్రైవరు నీళ్ళ సీసాతో పరిగెత్తుకొచ్చాడు.

"ఈ ఎండలో ఏంటి బాబూ, లోపల పడుకోబెట్టు."

"లోపల వద్దు," అన్నాడతను, ఆమె ముఖం మీద నీళ్ళు చల్లుతూ. "ఊపిరి పీల్చక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా, పీల్చవే."

చాలాసేపటికి ఆమె దగ్గి, కక్కి, కళ్ళు తెరిచింది. చంటిపిల్లలా చిరాగ్గా అతని వైపు చూసింది.

"ఎందుకు లేపావురా? ఇన్నాళ్ళకి హాయిగా నిద్ర పట్టింది. నన్ను మళ్ళీ అందులోనే పడుకోబెట్టు."