మాట్లాడని నీళ్లు

తెల్లారంగనే తారాబాయి బిందె పట్టుకొని మంజీర ఏటికి పోతది. బిందె ముంచంగనే నీళ్లు మాట్లాడుతయి. మీద టౌనుల ఎవరు ఏ నీళ్లు పారబోస్తూ ఏమన్నరో, ఆ మాట ఆ నీళ్లతోనే మోరీల పడి, వాగుల కలిసి, ఏటిగడ్డ ఊరిదాక వస్తది. ఇక్కడోళ్లకు ఇది కొత్తేం కాదు. టౌనుల ఏ ఇంట్ల అత్తాకోడళ్లకు పడ్తలేదో బట్టలు ఉతుక్కుంటనే తెలుసుకుంటరు. కాకపోతే మాట కిందికే వస్తది. ఇక్కడ ఎంత మొత్తుకున్నా మీదికి పోదు.

ఒకప్పుడు బియ్యం కడిగిన నీళ్లు, పిల్లలకు తానం పోసిన నీళ్లు వచ్చేటివి. వాటెంబడి నవ్వులు వచ్చేటివి. ఇప్పుడేం వస్తున్నయి, మన్ను! "డేటు అయిపోయిన గోలీలన్నీ సింకుల పారబొయ్యి." "ఆసిడ్ ఇంకింత గుమ్మరియ్యి, మరక పోతలేదు." "ఆ రంగు బకెట్ మోరీల ఒంపు, ఎవడు సూస్తడు?" మాట ముందొస్తది, నురుగు వెనుకొస్తది. చేపలు ఎప్పుడో పోయినయి. పక్కింటి హన్మవ్వ మనుమరాలు లతకు ఏట్ల బట్టలు పిండి పిండి మోచేతులదాక పుండ్లు లేసినయి. గోక్కోలేక, గోక్కోకుండ ఉండలేక ఆ పోరి ఏడుస్తుంటే గోడ ఇవతలికి ఇనవడ్తది. ఆ ఏడుపు ఇన్నప్పుడల్ల తారాబాయికి టౌనుకు పోయి ఒక్కొక్కని గల్లా పట్టి అడగాలనిపిస్తది.

ఒక్క పాయ మాత్రం నోరెత్తదు. టౌను మురికినీళ్లను శుభ్రం చేసే ప్లాంటు నుంచి వచ్చే పాయ అది. అక్కడ నీళ్లను పెద్ద గుంతల నిలవపెడ్తరు. నిలవున్న నీళ్లు మాట మర్చిపోతయని చిన్న పిల్లలకు గూడ తెలుసు. మాట మర్చిపోయిన నీళ్లు మురికిని గూడ మర్చిపోతయనుకున్నరు ఏటిగడ్డోళ్లు. ఆడనే బోల్తా పడ్డరు. దేవునికైనా, మనిషికైనా ఆ పాయ నీళ్లే ముంచుకునేటోళ్లు. లత పుండ్లు గూడ ఆ నీళ్లతోనే కడిగేటోళ్లు.

ఆ ప్లాంటుకు సూపర్‌వైజరు తారాబాయి అల్లుడే, మల్లికార్జున్. గుంత చుట్టూ "ఇక్కడ మాట్లాడరాదు" అని బోర్డులు పెట్టించిండు. గంగమ్మ మీద అల్లునిది ఎంత భక్తి అనుకున్నది తారాబాయి. "మా అల్లుడు కడిగి పంపిన నీళ్లు" అని నలుగుర్ల చెప్పుకొని మురిసేది.

ఆమె ఒక్కగానొక్క బిడ్డ అంకిత కాన్పుకని తల్లిగారింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఆ పొద్దు పురుడు. ఇంట్ల నల్లా ఉన్నా సరే, ఏటిగడ్డల పిల్ల పెదవికి తాకే తొలి నీళ్లు మంజీరవే కావాలె. బాలింత గట్టున పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు మొక్కి, వెండి గిన్నెతో తానే ముంచాలె. అదైనంక తల్లీబిడ్డలు టౌనుకు పోయేటట్టు బ్యాగులు గూడ సదిరిపెట్టిన్రు.

మల్లికార్జున్ కొత్త అంగీ తొడుక్కొని టౌను నుంచి దిగిండు. చేతుల బాటిల్ నీళ్లు.

"అత్తమ్మా, పసిపిల్ల గద. గీ నీళ్లు పెడ్దాం."

"నువ్వు కడిగి పంపిన నీళ్లుండంగ బాటిల్ ఎందుకు అల్లుడా!" అని తారాబాయి నవ్వింది.

అంకిత మాట్లాడని పాయల గిన్నె ముంచి, పిల్ల పెదవి కాడికి తెచ్చింది. గిన్నెలకెళ్లి మల్లికార్జున్ గొంతు వచ్చింది. పొద్దుగాల నీళ్లు ఇడిసేకాడ సంబురంల తన బోర్డు తనే మర్చిపోయినట్టున్నడు.

"ఇయ్యాల నా బిడ్డ పురుడురా రాజారాం! మిషన్లు బందే ఉండనియ్యి. గుంతల నీళ్లు రోజు లెక్కనే ఇడిసిపెట్టి నువ్వు గూడ దావతుకు రా. ఏం గాదు, కింది ఊరోళ్లే గద తాగేది."

మాట అయిపోకముందే మల్లికార్జున్ ఉరికొచ్చి గిన్నెను కొట్టేసిండు. "తాపకు!" అని అరిసిండు.

తారాబాయి ముఖం ఎర్రబడ్డది.

"ఎందుకురా? కింది ఊరోళ్లే గద తాగేది?"

"కరెంటు ఎక్కువ కాలుతదని సార్లు మిషన్లు నడపనియ్యరు అత్తమ్మా. నేనొక్కన్ని ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యాల్నా? తాగకుర్రి అని ఒక్క మాట చెప్పనీకి నోరు రాలే? మాట్లాడద్దని బోర్డు పెట్టనీకి మాత్రం తెలివొచ్చింది! థూ, నీ బతుకు!"

అంకిత పిల్లను కొంగుల కప్పుకున్నది. "గా మిషన్ల సప్పుడు ఈ నీళ్లల్ల ఇనవడ్డనాడు వస్త. అప్పటిదాక నా మొకం సూడకు" అన్నది. మల్లికార్జున్ బాటిల్ పట్టుకొని ఒక్కడే పోయిండు.

వానలు పడ్డయి, చేన్లల్ల పసుపు మొలిచింది. ఒక పొద్దు తారాబాయి, అంకిత రేవుల ఉండంగ మాట్లాడని పాయ గడగడ మోగింది. మిషన్ల రొద. దాని మీద మల్లికార్జున్ గొంతు, ఎవరితోనో కొట్లాడుతున్నట్టు.

"బంద్ పెట్టనియ్య సార్! నౌకరి పోతె పోనీ. కింద నా బిడ్డ ఉన్నది!"

అంకితకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇంటికి ఉరికి బ్యాగు సదురుకున్నది. తారాబాయి బిందె గట్టున పడేసి మోకాళ్లలోతు దిగింది. పాయకు ఎదురుంగ నిలవడి గొంతు చించుకొని ఒర్రింది.

"ఇప్పుడు యాదికొచ్చిందారా నీ బిడ్డ! మరి హన్మవ్వ మనుమరాలు ఎవ్వని బిడ్డరా?"

మాట మీదికి పోదని ఆమెకు తెలుసు. ఆ మాట నురుగుతోని కలిసి కిందికే పోయింది.

వాకిట్లకొచ్చిన అంకితకు తల్లి ఒర్రుడు ఇనవడ్డది, దానెంబడే గోడ అవతల లత ఏడ్సుడు. బ్యాగు అరుగు మీద పెట్టి, పిల్లను సంకనేసుకొని హన్మవ్వ ఇంట్లకు పోయింది.

"లతా, లే బిడ్డ. చేతులకు గుడ్డ కట్టుకోకు, గట్లనే రా. బస్సుకు పోదాం. గీ పుండ్లు మా ఆయనకు సూపియ్యాలె, ఆయన సార్లకు గూడ సూపియ్యాలె."