తపేలా కింద కబురు

నేను ఒక పచ్చ పలకను. అరచేతిలో పట్టేంతే ఉంటాను గానీ ఒక కంప్యూటరంతా నా మీదే ఇమిడి ఉంది. ఎక్కడో దూరదేశపు కార్ఖానాలో పుట్టాను. నా తోటివాళ్లు కొందరు పిల్లల బొమ్మల్లోకి, కొందరు ఆఫీసు తలుపుల తాళాల్లోకి వెళ్లి సుఖంగా ఉన్నారు. నా నుదుట మాత్రం ఉప్పునీళ్లు రాసిపెట్టి ఉన్నాయి. విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర బోటు యంత్రాలు బాగుచేసే కొట్లో పనిచేసే గరికిన నీలవేణి నన్ను తెప్పించుకుంది.

నీలవేణి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. ఆమె అన్న పరదేశి పెద్ద బోటుకు డ్రైవరు. ఫోను సిగ్నలు దాటాక సముద్రం మీద మనిషి ఏమయ్యాడో ఒడ్డున ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడాన్ని ఆమె భరించలేకపోయింది. అన్న ఎక్కడున్నాడో తన ఫోనులో చూసుకోవాలి, అంతే ఆమె కోరిక.

బోటులో లోతు చెప్పే యంత్రం ఉంది, దారి చూపే జీపీఎస్ ఉంది, ఇంజను వేడి చెప్పే మీటరు ఉంది. తలా ఒక కంపెనీవి కావడంతో ఒకదాని మాట ఒకదానికి అర్థమయ్యేది కాదు. మాటల్లేని తోడికోడళ్లలా ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాయి. వేట నిషేధం రోజుల్లో, బోటు ఒడ్డున కట్టేసి ఉండగా, నీలవేణి ముందు నుంచి వెనక దాకా ఒకే తీగ లాగి, యంత్రాలన్నిటినీ దానికి కలిపింది. ఉప్పుగాలి చొరబడకుండా ప్రతి అతుకుకూ గ్రీజు పూసింది. నన్ను ప్లాస్టిక్ డబ్బాలో బిగించి డ్రైవరు గదిలో పెట్టింది. అందరి మాటలూ విని, ఒక్క కబురుగా మార్చి, గది కప్పు మీదున్న యాంటెన్నా ద్వారా ఉపగ్రహానికి పంపడం నా పని. అక్కణ్ణించి అది ఆమె ఫోనుకు చేరేది.

వేట మొదలైన రోజు బోటుతో పాటు నాకూ పసుపు కుంకుమలు పెట్టారు. వంట చేసే ముత్యాలు భక్తి పట్టలేక నా మీద కొబ్బరినీళ్లు పోయబోయాడు.

"ఓలమ్మో, దాన్ని సంపీకు సిన్నాన్నా!" అని నీలవేణి పెట్టిన కేక హార్బరంతా వినిపించింది.

నా కబురు అందిన రోజున ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కొట్టు గోడకు ఒక తెర తగిలించి, అందులో అన్న బోటు చుక్కలా కదలడం వచ్చినవాళ్లందరికీ చూపించింది. వచ్చినవాళ్లలో మిగతా బోట్ల డ్రైవర్లూ ఉన్నారు. చేపలు దొరికే చోటును జాలరి కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పడు. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసిన పిల్లే, మురిపెంలో మరిచిపోయింది. తర్వాతి వేటలో పరదేశి ఇలా వల వేశాడో లేదో, చుట్టూ నాలుగు బోట్లు వాలిపోయాయి.

"నా గుట్టంతా గోడకి ఏలాడదీసినావేటే?" అన్నాడు తిరిగొచ్చాక. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు కళ్లదాకా రాలేదు.

నీలవేణి ముఖం మాడిపోయింది. అప్పటికప్పుడే తెర పీకేసింది. "ఇంక నానొక్కర్తినే సూత్తానన్నియ్యా. నీ మీదొట్టు."

ఆయన తలూపాడు. నమ్మలేదు. తీగ పీకితే చెల్లెలు కనిపెట్టేస్తుందని, ముత్యాలు దగ్గర అన్నం వండే తపేలా తీసుకుని, చేపల చోటు దగ్గరపడగానే యాంటెన్నా మీద బోర్లించి నైలాన్ తాడుతో కట్టేశాడు. అల్యూమినియం దాటి నా కబురు పైకి పోదు. తిరుగు దారిలో విప్పేసేవాడు. అప్పటినుంచి ప్రతి వేటకూ అదే తంతు.

ఫోనులో చుక్క నడిసముద్రంలో మాయమై, హార్బరు దగ్గర మళ్లీ ప్రత్యక్షమయ్యేది. నీలవేణి తన అతుకుల్లోనే లోపం ఉందనుకుంది. బోటు వచ్చిన ప్రతిసారీ చంకలో పనిముట్ల సంచీతో ఎక్కి, శుభ్రంగా ఉన్న అతుకులన్నీ విప్పి మళ్లీ బిగించేది. నన్ను కూడా విప్పి చూసేది. నేనేం చెప్పగలను? లోతు చెప్పగలను, ఇంజను వేడి చెప్పగలను. తపేలా సంగతి చెప్పమని నాకెవరూ నేర్పలేదు. పరదేశి పక్కనే కూర్చుని ఆమె చెమటోడ్చడం చూసేవాడు. చూడలేక లేచిపోయి, మంచి కోనెం చేప ఒకటి ఏరి తెచ్చి ఆమె సంచీ పక్కన పెట్టేవాడు. నిజం మాత్రం నోట రాలేదు.

దీపావళి వెళ్లాక వాయుగుండం పట్టింది. అప్పటికి మేము చాలా లోపలున్నాం. ఇంజను గదిలోకి నీళ్లొచ్చి ఇంజను ఆగిపోయింది. వైర్‌లెస్‌కు ఎవరూ పలకలేదు. బ్యాటరీ మీద నేనింకా బతికే ఉన్నాను. మేమెక్కడున్నామో కచ్చితంగా తెలిసిన ప్రాణి ఆ బోటులో నేనొక్కదాన్నే, నా నెత్తిన తపేలా.

ముత్యాలు కప్పు మీదికి ఎక్కబోయాడు. పరదేశి రెక్క పట్టి ఆపాడు. "నానెట్టింది నానే తీత్తాను. నువ్వు నీలు తోడు."

తడిసిన నైలాను ముడి వేళ్లకు లొంగలేదు. కత్తితో కోశాడు. తపేలా గాలికి ఎగిరిపోయింది. ఆ క్షణానే నా కబురు ఆకాశానికి వెళ్లింది. వెనకాలే వచ్చిన కెరటం పరదేశిని తీసుకుపోయింది. బోటులో పనిచేసే కళాసీలు అరిచిన అరుపులు నాకు ఇప్పటికీ మరపు రావు.

కబురు అందగానే నీలవేణి హార్బరంతా పరిగెత్తింది. అన్న చేపల చోటు కోసం వెంటపడ్డ బోట్లే గాలి కాస్త తగ్గగానే అన్న కోసం బయల్దేరాయి. మిగిలినవాళ్లందరినీ ప్రాణాలతో, మా బోటును తాడు కట్టి లాక్కుంటూ తెచ్చాయి. పరదేశి దొరకలేదు.

కర్మకాండలు అయిపోయాక నీలవేణి బోటెక్కి నన్ను విప్పసాగింది. "నా అతుకులే సంపీసినాయి సిన్నాన్నా. ఇది ముందే పలికుంటే బోట్లోల్లు ముందే ఎల్దురు కదా" అంటూ ఏడ్చింది. చచ్చిపోయినవాడి గుట్టు బయటపెట్టడానికి ముత్యాలుకు మనసొప్పలేదు. చివరికి బతికున్నదాన్ని చూసి జాలేసి, తపేలా సంగతంతా చెప్పేశాడు.

నీలవేణి ఏడుపు ఆగిపోయింది. నన్ను ఒళ్లో పెట్టుకుంది.

"కనబడకూడదంటే నాతో సెప్తే పోయేది కదా సిన్నాన్నా. ఒక స్విచ్చెట్టీసి ఇద్దును. లోపల కూకునే నొక్కీవోడు."

ఇప్పుడు నేను వేరే బోటులో ఉన్నాను, ఆనాడు మా చుట్టూ వాలిన నాలుగింటిలో ఒకదానిలో. నా డబ్బాకు ఇప్పుడొక చిన్న తెర, మీటలు, చుక్కాని పక్కనే చేతికందేలా ఒక స్విచ్ ఉన్నాయి. ఈ డ్రైవరు చేపల చోటు రాగానే దాన్ని నొక్కి నా నోరు మూస్తాడు, వల ఎత్తాక మళ్లీ నొక్కుతాడు. ఎక్కడికెళ్లారని నీలవేణి ఎన్నడూ అడగదు. మేము మళ్లీ కనబడిన ప్రతిసారీ మాత్రం ఒడ్డు నుంచి నా తెర మీదికి ఒకే మాట వస్తుంది: "అన్నం తిన్నావా అన్నియ్యా?"

డ్రైవరు నవ్వుకుని, తిన్నానని కొడతాడు. ఆ జవాబును నేనే పంపాలి.