పద్మలత రాసుకున్న పిటిషన్

బర్లకు పాలు పిండి, క్యాన్లు నింపి, చేతులు కడుక్కుని పద్మలత పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆమెకు మిగిలేది నల్లచాయ. "పాలు అమ్ముకునేటియి, తాగేటియి గావు" అన్నాడు రాఘవేందర్, పెళ్లయి మేడ్చల్‌కు వచ్చిన మొదటి వారంలోనే. నవ్వుతూ అన్నాడు కాబట్టి ఆమె కూడా నవ్వింది. కూతురు వర్ష పుట్టినప్పుడు, బాలింత మంచంలోంచి గ్లాసెడు పాలు అడిగితే మళ్లీ అదే మాట అన్నాడు. ఈసారి ఇద్దరూ నవ్వలేదు.

గడ్డి వేసేది, పేడ ఎత్తేది, ఈనబోయే బర్రె పక్కన జాగారం చేసేది ఆమె. క్యాన్లు స్కూటరుకు కట్టుకుని అల్వాల్ గల్లీల్లో తిరిగేది ఆయన. అందుకని ఊరికి ఆయన పాల రాఘవేందర్. "మరి మీ ఆమె?" అని ఎవరన్నా అడిగితే, "ఆమె ఏం జేస్తది, ఇంట్లనే ఉంటది" అనేవాడు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా పద్మలత తన చేతులు చూసుకునేది. కాయలు కాసిన ఈ వేళ్లు ఎవరివి మరి, పక్కింటివాళ్లవా? అడగాలని నాలుక చివరిదాకా వచ్చేది. అప్పటికి బర్రె అరిచేది, కుడితి పెట్టాలి, మాట అక్కడే ఆగిపోయేది. అట్లా ఆగిపోయిన మాటలతోనే ఏండ్లు గడిచాయి.

రెండువేల మూడు వానాకాలంలో ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. "బర్లు ఆగుతయా? నీ జరమే ఆగాలె" అని రాఘవేందర్ రెక్క పట్టుకుని కొట్టంలోకి తోసి, బయట గొళ్లెం పెట్టాడు. అత్త సిద్దమ్మ గడప దగ్గర నిలబడి చూసి, లోపలికి పోయింది. బర్రె డొక్కకు తల ఆనించి పద్మలత పాలు పిండింది. ఆమె ఒళ్లు కాలుతున్నదని బర్రెకు తెలిసింది, వెనక్కి తిరిగి చూసింది. మనుషులకే తెలియలేదు. జ్వరం తగ్గాక వర్షను తీసుకుని శామీర్‌పేటలో పుట్టింటికి వచ్చేసింది. మళ్లీ పోలేదు.

అన్న వీరేందర్ తనకు తెలిసిన వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. వకీలు అంతా విని, వారం తిరిగేసరికి విడాకుల పిటిషన్ టైపు చేయించి పెట్టాడు. పద్మలత చదివింది. కట్నం కోసం కిరసనాయిలు పోశారట. రాఘవేందర్ వేరే ఆమెను ఉంచుకున్నాడట.

"ఇవి జరగలే సార్."

"జరగలేదని నాకూ తెల్సమ్మా. గిట్ల రాస్తెనే కేసు నిలవడ్తది. నల్లచాయ పోసిండు, జరంల పని జేపిచ్చిండు అంటే ఎవరింటరు? గవి ప్రతి ఇంట్ల ఉండేటియే."

"ప్రతి ఇంట్ల ఉంటే తప్పు గాకుంట పోతదా సార్?"

వీరేందర్ బల్ల కింద చెల్లెలి కాలు తొక్కాడు. ఆమె కాగితాలు సర్ది వకీలు ముందు పెట్టింది. "నాకైంది చాలలేదని పైనుంచి అబద్ధం అతికియ్యద్దు సార్. నేనే రాసుకుంట."

దారంతా వీరేందర్ తిట్టాడు. ఇంటర్ తప్పినదానివి కోర్టు కాగితం రాస్తవా, ఇజ్జత్ తీస్తవా అన్నాడు. ఇంటికి వచ్చాకా ఆపలేదు. తండ్రి జంగయ్య వాకిట్లో కూర్చుని అంతా విన్నాడు. "రాయనియ్యిరా" అన్నాడు చివరికి. "దాని కష్టం దానికంటె మనకెక్కువ ఎర్కనా?"

కోర్టు ఆఫీసులో దుర్గాబాయి అనే గుమాస్తా ఆమెకు ఓపికగా చెప్పింది. వకీలు లేకున్నా వేసుకోవచ్చు, తెలుగులో రాయొచ్చు. పెళ్లెప్పుడైంది, పిల్లలెందరు, ఎందుకు విడిపోవాలి, చివర ఏం కోరుతున్నావు, ఇవన్నీ ఉండాలి. రాసిందంతా నిజమని కింద సంతకం చెయ్యాలి.

వర్ష బడికి పోయాక పద్మలత రాయడానికి కూర్చునేది. మొదట 'నన్ను ఎన్నో బాధలు పెట్టినాడు' అని రాసి, కొట్టేసింది. ఎన్నో అంటే ఏవి? జడ్జికి ఏం తెలుస్తుంది? జరిగింది రాయాలి. బాలింత అడిగిన గ్లాసెడు పాలు, బయట పెట్టిన గొళ్లెం. రాస్తుంటే ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఇన్నాళ్లూ ఎవరికన్నా చెప్పబోతే, 'గింతదానికే?' అనేవాళ్లు. కాగితం అట్లా అనలేదు. రాసినకొద్దీ ఆమె వెన్ను నిటారుగా అయింది. వృత్తి అనేచోట చాలాసేపు ఆగింది. అందరూ గృహిణి అని రాస్తారని దుర్గాబాయి చెప్పింది. పద్మలత 'పాడి' అని రాసింది. ఆ ఒక్క మాట కింద గీత కూడా గీసింది.

తప్పులున్నాయని ఆఫీసువాళ్లు కాగితాలు వెనక్కి ఇచ్చారు. సరిచేసి తెచ్చింది. పెళ్లి ఫోటో లేదని మళ్లీ ఇచ్చారు. అదీ తెచ్చింది. చివరికి తీసుకుని నంబరు వేశారు. ఆ రోజు బస్సులో సీటు దొరక్క శామీర్‌పేట దాకా నిలబడే వచ్చింది, కాళ్లు నొప్పి పుట్టినట్టే లేదు.

వాయిదాకు రాఘవేందర్ పెద్ద వకీలును పెట్టుకుని వచ్చాడు. అన్ని పిటిషన్లలాగే ఇందులోనూ కట్నం, కిరసనాయిలు ఉంటాయని, నకలు సరిగా చదవకుండానే ఆ వకీలు జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాడు. అవేవీ అందులో లేవు. జడ్జి పిటిషన్ తిరగేసి, నేరుగా రాఘవేందర్‌నే అడిగాడు.

"జ్వరంలో ఉన్న మనిషిని కొట్టంలో పెట్టి గొళ్లెం వేసినవా?"

"ఏసిన సార్" అన్నాడు రాఘవేందర్, ఇందులో దాచేదేముందన్నట్టు. "మరి పాలెవరు పిండాలె?"

వకీలు అతని చెయ్యి పట్టి లాగాడు. అప్పటికే జడ్జి తల వంచి రాసుకుంటున్నాడు. పద్మలత మాత్రం తల వంచలేదు.

మరుసటి ఎండాకాలంలో విడాకులు మంజూరయ్యాయి. వర్ష తల్లి దగ్గరే ఉండాలన్నారు. ఆ రోజు తీర్పు విని పద్మలత బయటికి వస్తుంటే, వరండా బెంచీ మీద సిద్దమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. కొడుకు ముందే కోపంగా వెళ్లిపోయాడు. పద్మలత తప్పుకుని పోబోయింది.

"ఆగు" అంది సిద్దమ్మ. "గా కాయిదంల ఏం రాసినవో నాకు సదివి ఇనిపియ్యి."

పద్మలత పక్కన కూర్చుని, తన దగ్గరున్న నకలు తీసి మొదటినుంచి చదివింది. గొళ్లెం దగ్గరికి వచ్చేసరికి ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతా అయ్యాక, "ఆఖరు మాట మల్లొక్కపారి సదువు బిడ్డా" అంది.

"'కావున ఈ పెళ్లి నుంచి నాకు విడుదల ఇప్పించాలని కోరుతున్నాను.'"

సిద్దమ్మ ఆ మాటను పెదవులతో మెల్లగా అనుకుని చూసింది.

"గిట్ల అడగొచ్చని నాకెవ్వలు జెప్పలే" అంది.